రెండు పడవల మీద నిలిచిన అమ్మాయి

పిల్లలూ! రెండు పడవల మీద కాళ్ళు పెట్టరాదని పెద్దలంటారు. ఒక పని పట్టుకుని అందులోనే ఆరితేరాలని దాని భావం. మంచి మాటే. కాని చెక్ దేశపు అమ్మాయి ఒకతె ఆ మాట వినలేదు. విననందుకు ఏమయిందో చెబుతాను.

ఆమె పేరు ఎస్టర్ లెడెట్స్కా. 1995 లో ప్రాగ్ నగరంలో పుట్టింది. తండ్రి పేరుపొందిన గాయకుడు. మాతామహుడు యాన్ క్లపాచ్ మంచు మీద ఆడే హాకీలో ఒలింపిక్ పతకాలు గెలిచినవాడు.

మంచుకొండ మీద జారటానికి ముఖ్యంగా రెండు సాధనాలున్నాయి. మొదటిది స్కీలు. ఇవి సన్నని పొడుగాటి బద్దలు, కాలికొకటి. ముఖం నేరుగా పల్లం వైపు ఉంటుంది. రెండవది స్నోబోర్డు. ఇది ఒకటే వెడల్పాటి పలక. రెండు పాదాలూ దాని మీదనే ఏటవాలుగా బిగించి, ఒక భుజం ముందుకు పెట్టి జారాలి. ఒక విద్యలో అలవాటయిన నిలకడ రెండవ దానికి సరిపోదు.

ఈ పలకను తిప్పేది ఎట్లా? ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. పోస్టుకార్డు వంటి అట్టముక్క తీసుకుని, పొడుగు వైపులను నడుమ కొంచెం లోపలికి వంపుగా కత్తిరించండి. దాన్ని బల్ల మీద ఒక అంచున వాల్చి, మధ్య నొక్కండి. అట్ట విల్లులా వంగి, అంచు బల్లను వంపుగా తాకుతుంది. పలకా అంతే! ఉక్కు అంచు మీద వాల్చితే ఆ వంపు వెంటనే తిరుగుతుంది. స్కీలకు కూడా ఇదే సూత్రం.

ఎస్టర్ చిన్ననాటనే రెండూ నేర్చింది. పెద్దదయ్యాక, ఏదైనా ఒకటి ఎంచుకోమని చాలామంది సలహా చెప్పారు. ఆమె ఒప్పుకోలేదు. రెంటికీ వేరువేరు శిక్షకులను పెట్టుకుని, రెట్టింపు కష్టపడింది. పలక మీద 2015 లోనూ, 2017 లోనూ ప్రపంచ విజేత అయింది. స్కీలలో మాత్రం అప్పటికి ప్రపంచ కప్ పందాలలో ఒక్కసారీ మొదటి ముగ్గురిలో నిలవలేదు.

2018 లో దక్షిణ కొరియాలో శీతకాలపు ఒలింపిక్స్ జరిగాయి. ఫిబ్రవరి 17 న స్కీ పందెం. ఆస్ట్రియా దేశపు ఆనా వైత్ గెలిచినట్టేనని అందరూ అనుకున్నారు. 26 వ సంఖ్య తొడిగిన ఎస్టర్ ఆ తరువాత బయలుదేరి, 1 నిమిషం 21.11 సెకన్లలో కిందికి వచ్చింది. వైత్ కన్న సెకనులో నూరవ వంతు ముందు! గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఆ వ్యవధి ఎంత దూరమో లెక్క కట్టండి. సుమారు 28 సెంటీమీటర్లు. మీ స్కేలు కంటె తక్కువ. ఎస్టర్ అయితే గడియారం తప్పిందేమోనని బోర్డు వంక చూస్తూ నిలబడిపోయింది! గెలుస్తాననుకోక ముఖానికి అలంకరణ చేసుకోలేదట. అందుచేత విలేఖరుల ముందు కళ్ళద్దాలు తీయనేలేదు.

వారం తిరిగేసరికి, 24 వ తేదీన, పలక ఎక్కింది. ఈ పందెంలో ఇద్దరిద్దరు పక్కపక్క దారుల్లో జారుతారు, ఓడినవారు తప్పుకుంటారు. చివరి జోడీలో జర్మనీకి చెందిన సెలీనా యోర్గ్ ను ఓడించి రెండవ స్వర్ణం గెలిచింది. ఒకే శీతకాలపు ఒలింపిక్స్ లో రెండు వేరువేరు క్రీడల్లో స్వర్ణం గెలిచిన మొదటి స్త్రీ ఆమే. 2022 లో బీజింగ్ లో పలక మీద మళ్ళీ గెలిచింది.

మరి పెద్దల మాట తప్పా? కాదు. రెండు పడవలకూ సరిపడా తెడ్డు వేయలేనివాడు మునుగుతాడు. ఎస్టర్ రెంటికీ తెడ్డు వేసింది. తల్లిదండ్రులకు కూడా ఒక మాట: లెక్కలు బాగా చేసే పిల్ల పాట కూడా నేర్చుకుంటానంటే వెంటనే కాదనకండి. "రెండు పాళ్ళ కష్టం పడతావా?" అని అడగండి. పడతానంటే, కొన్నాళ్ళు పడనిచ్చి చూడండి.