మనిషి మారాడా? కథ మారిందా?

రాబిన్ హుడ్ పేరు వినని వారు మనలో తక్కువ. కలిగినవారి దగ్గర దోచి లేనివారికి పంచిపెట్టే ఆ షేర్వుడ్ అడవి విలుకాని కథను ఇంగ్లీషు వాచకాలలోనో, పిల్లల పుస్తకాలలోనో చదువుకొన్నవారు ఎందరో ఉన్నారు. పేదల పక్షాన నిలిచే దొంగ ఎవడైనా కనబడితే "వీడొక రాబిన్ హుడ్" అనడం మనకు అలవాటే. 2025లో ఆ పేరుతోనే ఒక తెలుగు సినిమా కూడ వచ్చింది.

ఈ కథను ఇంగ్లాండులోని బి.బి.సి. సంస్థ 2006 అక్టోబరు 7 నుండి 2009 జూన్ 27 వరకు టెలివిజన్ ధారావాహికగా ప్రసారం చేసింది. మొత్తం 3 సీజన్లు, ఒక్కొక్క దానిలో 13 చొప్పున 39 భాగాలు. చిత్రీకరణ ఎక్కువగా హంగరీ దేశంలో జరిగింది. మొదటి భాగాన్ని బ్రిటన్‌లో 80 లక్షల మందికి పైగా చూచారు.

ఎక్కడో ఇంగ్లాండులో వచ్చిన ధారావాహిక గురించి మన పత్రికలో ఎందుకని మీరు అడగవచ్చు. 1994లో దూరదర్శన్‌లో "చంద్రకాంత" మొదలైనప్పుడు, ఆదివారం ఉదయం చర్చి గంట కొట్టినా పిల్లలు టీవీ ముందు నుండి కదలని రోజులు చాలా సంఘాలవారికి గుర్తుండే ఉంటాయి. అప్పుడు ఊరికి నాలుగైదు టీవీలు. ఏది చూస్తున్నారో అందరికీ తెలిసేది. ఇప్పుడు టీవీ పిల్లల జేబులోకి వచ్చింది. ఏ దేశపు ధారావాహికనైనా దుప్పటి కప్పుకొని చూడవచ్చు. కత్తులు, రక్తము, ముద్దులు కనబడితే తల్లిదండ్రులు జాగ్రత్తపడతారు. అయితే ఆ కథలలో మనుషులు ఎలా మారుతున్నారు, ప్రేమలు ఎలా పుట్టి ఎలా పోతున్నాయి అన్నది ఎవరూ గమనించరు. పిల్లల మనసులో ఎక్కువ కాలము నిలిచేది అదే అని నా అభిప్రాయము.

కథ ఏమిటి?

లాక్స్‌లీ గ్రామానికి ప్రభువైన రాబిన్ 5 సంవత్సరాలు పరిశుద్ధ దేశంలో సిలువ యుద్ధము చేసి, తన సేవకుడు మచ్‌తో ఇంటికి వస్తాడు. వచ్చి చూస్తే నాటింగ్‌హామ్ షెరీఫ్ వైసీ ప్రజలను పన్నులతో పీల్చి పిప్పి చేస్తున్నాడు. అతని కుడిభుజము గై ఆఫ్ గిస్బర్న్ రాబిన్ ఇంటిలోనే కాపురము పెట్టాడు. రాబిన్ అడవి పట్టి జట్టు కడతాడు. పాత షెరీఫ్ కుమార్తె మేరియన్ రాబిన్ మనసెరిగిన స్త్రీ. పగలు కోటలో మర్యాదగా ఉంటూ, రాత్రి ముసుగు వేసుకొని పేదలకు ఆహారము చేరవేస్తుంది. గై ఆమెను పెండ్లాడాలని కోరతాడు.

పాత జానపద గేయాలలో ఈ కథ ఇలా లేదు. 15వ శతాబ్దపు తొలి రాబిన్ హుడ్ గేయాలలో మేరియన్ అసలు కనబడదు. మే నెల పండుగ ఆటల ద్వారా ఆమె తరువాత కథలోకి వచ్చింది. గై ఆ గేయాలలో రాబిన్‌ను చంపడానికి వచ్చి అతని చేతిలో చచ్చే కిరాయి మనిషి మాత్రమే. కాబట్టి పాత కథను మార్చారన్నది నా ఫిర్యాదు కాదు. కథలు మారుతూనే ఉంటాయి. వారు స్వయంగా కల్పించిన మనుషులకు వారే న్యాయము చేశారా అన్నదే ప్రశ్న.

మొదటి సీజన్ చాలావరకు చక్కగా నడిచింది. అనవసరంగా ప్రాణము తీయకూడదని రాబిన్ పట్టుబడతాడు. యుద్ధంలో చూచిన రక్తము అతనికి చాలు. ఇది నిలకడ గల పాత్ర. తరువాతి సీజన్లకు వచ్చేసరికి ఆ పట్టుదల సడలిపోతుంది. కాపలా భటులు బాణాలకు రాలిపోతుంటే జట్టులో ఎవరూ కన్ను కూడ ఆర్పరు. ఆ నియమము ఎందుకు విడిచిపెట్టాడో అడిగేవారు లేరు.

ఎన్ని ప్రేమలు!

2007 డిసెంబరు 29న వచ్చిన రెండవ సీజన్ చివరి భాగంలో కథ పరిశుద్ధ దేశానికి వెళ్తుంది. రిచర్డ్ రాజును చంపబోయిన గైకి మేరియన్ అడ్డము నిలుస్తుంది. నేను ప్రేమించేది రాబిన్‌నే అని అతని ముఖముమీదనే చెబుతుంది. గై ఆమెను కత్తితో పొడుస్తాడు. ప్రాణము పోతుండగా రాబిన్, మేరియన్ ఒకరికొకరు వివాహ ప్రమాణము చేసుకొంటారు. చూచినవారి గుండె బరువెక్కే సన్నివేశమది.

మూడవ సీజన్ ఆరంభంలో రాబిన్ పగతో రగిలిపోతూ తన జట్టును కూడ వెళ్లగొడతాడు. ఆ దుఃఖము నమ్మదగినదే. కాని కొన్ని భాగాలు గడిచేసరికి గై చెల్లెలు ఇసబెల్లాతో అతని ప్రేమ మొదలవుతుంది. అది తెగిపోగానే కేట్ అనే లాక్స్‌లీ యువతితో మరొకటి. ఒక్క 13 భాగాలలో ఒక మరణ దుఃఖము, రెండు ప్రేమలు! చివరకు రాబిన్ కన్నుమూసే సమయంలో అతనికి కనబడేది మేరియనే. అలాగైతే కేట్ అతనికి ఏమైనట్లు? ఆ ప్రశ్నకు జవాబు లేకుండానే కథ ముగుస్తుంది.

ఇతరుల సంగతి కూడ అంతే. మొదటి సీజన్‌లో మచ్ ఈవ్ అనే అమ్మాయిని ప్రేమిస్తాడు. ఆమె తప్పించుకొని వెళ్లిపోవలసి వస్తుంది. ఆ తరువాత ఆమె ఊసే లేదు. మూడవ సీజన్‌లో మచ్ కేట్ వెంట తిరుగుతుంటే ఈవ్‌ను తలచుకొన్నవారు లేరు. జాక్ అనే తురక యువతిని, విల్ స్కార్లెట్‌ను దాదాపు రెండు సీజన్లు తోటి పనివారివలె చూపి, ఇక చావు తప్పదనుకొన్న ఒక ఘట్టంలో హఠాత్తుగా ప్రేమ చెప్పించారు. తరువాతి భాగానికే వారిద్దరూ పరిశుద్ధ దేశంలో ఉండిపోయారు.

అన్నిటికంటె నన్ను బాధించినది ఇసబెల్లా సంగతి. ఆమె భర్త క్రూరత్వము భరించలేక పారిపోయి వచ్చిన స్త్రీ. అటువంటి అక్కచెల్లెళ్లు మన గ్రామాలలో ఎందరు లేరు? మొదట ఆమెపై మనకు జాలి కలిగించారు. ఆమె బాధ గురించి ధారావాహిక ఏదో చెప్పబోతున్నదనుకొన్నాము. రాబిన్‌తో సంబంధము తెగగానే ఆమెను షెరీఫ్‌గా చేసి, కఠినాత్మురాలిగా మార్చి, చివరకు విషము పూసిన కత్తితో రాబిన్ చావుకు కారకురాలిని చేశారు. దెబ్బలు తిన్న స్త్రీ ఎప్పటికైనా విషమే కక్కుతుందని చూచే పిల్లవాడు నేర్చుకొంటే తప్పెవరిది?

గై మారాడా?

మూడవ సీజన్ చివరి భాగాలలో రాబిన్, గై ఇద్దరికీ ఒక పాత రహస్యము తెలుస్తుంది. రాబిన్ తండ్రికి, గై తల్లికి పుట్టిన ఆర్చర్ అనే తమ్ముడు ఒకడున్నాడు. అతనిని విడిపించడానికి బద్ధశత్రువులు ఇద్దరూ ఒకటవుతారు. చివరి భాగంలో గై రాబిన్ పక్షాన పోరాడి మరణిస్తాడు.

గై పాత్ర ధరించిన రిచర్డ్ ఆర్మిటేజ్ మంచి నటుడు. మేరియన్‌ను చంపిన తరువాత అతడు లోలోపల కుమిలిపోవడము, తనకు కనికరము చూపిన మెగ్ అనే చెరసాల బాలిక తన చేతులలో చనిపోతే ఏడవడము మనసును తాకుతాయి. కాని కేట్ తమ్ముడిని అతడు చంపింది కూడ ఈ సీజన్ మొదట్లోనే. ఇద్దరినీ కలిపింది తమ్ముడనే రక్తబంధము, ఉమ్మడి శత్రువు. తాను చేసిన హత్య ఎదుట గై నిలబడి, దాని బరువంతా మోసి, రాబిన్‌ను క్షమాపణ అడగడానికి కథలో తగినంత చోటు దొరకలేదు. క్షమించడానికి రాబిన్ పడవలసిన పెనుగులాటకు కూడ చోటు లేదు.

యౌవనుల కూడికలో ఈ మాట వచ్చినప్పుడు ఒక అబ్బాయి, "అయ్యగారూ, చివరికి మంచివాడయ్యాడు కదండీ, ఇంక పాత సంగతులెందుకు?" అన్నాడు. అతని పక్కనున్న అమ్మాయి వెంటనే, "చచ్చింది మేరియన్ కదా అన్నయ్యా, నువ్వు కాదు కదా" అంది. ఆ కూడికలో అంతకు మించిన వ్యాఖ్యానము నేను చేయలేకపోయాను.

తెర వెనుక

ఇలా ఎందుకు జరుగుతుంది? నవల ఒక్కరు వ్రాస్తారు. మొదటి పుట వ్రాసేటప్పుడే చివరి పుట కొంత తెలిసి ఉంటుంది. టెలివిజన్ ధారావాహికను చాలామంది పంచుకొని వ్రాస్తారు. మరుసటి సీజన్ ఉంటుందో లేదో ముందుగా తెలియదు. మేరియన్‌గా నటించిన లూసీ గ్రిఫిత్స్ రెండవ సీజన్‌తో వెళ్లిపోయింది. రాబిన్‌గా నటించిన జోనస్ ఆర్మ్‌స్ట్రాంగ్ మూడవ దానితో ముగించాడు. నాయిక పోతే ఆ ఖాళీలో మరొకరిని కూర్చోబెట్టాలి. ప్రతినాయకుడు జనానికి నచ్చితే అతనిని మంచివానిగా చేయాలి. అప్పుడు మార్పు పాత్ర మనసులోనుండి రాదు, రచయితల అవసరములోనుండి వస్తుంది.

అయితే అవసరము వచ్చిన ప్రతిచోటా ఇలాగే జరగాలని లేదు. ఇంగ్లాండులోనే 1984 నుండి 1986 వరకు "రాబిన్ ఆఫ్ షేర్వుడ్" అనే మరొక ధారావాహిక వచ్చింది. దానిలో రాబిన్‌గా నటించిన మైకేల్ ప్రేడ్ రెండవ సీజన్ తరువాత వెళ్లిపోయాడు. రచయిత రిచర్డ్ కార్పెంటర్ ఆ రాబిన్‌ను కథలోనే చంపి, హంటింగ్డన్ ప్రభువు కుమారుడైన రాబర్ట్ అనే మరొక యువకుడిని అతని స్థానంలోకి తెచ్చాడు. అక్కడ విధవరాలైన మేరియన్ వెంటనే కొత్తవాని చేయి పట్టుకోలేదు. తండ్రి ఇంటికి వెళ్లింది. మళ్లీ అడవికి వచ్చిన తరువాత కూడ ఆమె మనసు మెల్లమెల్లగా తిరిగింది. చివరి కథలో రాబర్ట్ కూడ పోయాడని నమ్మినప్పుడు, ఇంకొకసారి ఆ దుఃఖము భరించలేనని కన్యాశ్రమములో చేరింది. నటుడు వెళ్లిపోవడమనే కష్టము అక్కడా ఉన్నదే. కాని అక్కడ మరణానికి బరువు ఉంది, దుఃఖానికి సమయము ఉంది.

మార్పుకు వెల

యోసేపు కథను మనము చిన్నప్పటినుండి వింటున్నాము. తమ్ముడిని 20 తులముల వెండికి అమ్మేద్దామని సలహా చెప్పినవాడు యూదా. ఏండ్లు గడిచాక ఐగుప్తులో, బెన్యామీనుకు బదులుగా నన్ను దాసునిగా ఉంచుకోమని బ్రతిమాలినవాడు కూడ యూదాయే. ఈ రెంటి మధ్య ఏమి జరిగింది? తండ్రి ఏడుపు ఆగని ఇంట్లో అతడు బ్రతికాడు. తన సొంత కుమారులను పోగొట్టుకొన్నాడు. చిన్న తమ్ముని కొరకు తండ్రికి పూచీ పడ్డాడు. చివరకు అప్పటివంటి పరిస్థితే మళ్లీ ఎదురైనప్పుడు, వేరొక విధంగా ప్రవర్తించాడు. మారాడని మనకు ఎవరూ చెప్పనవసరము లేదు. మనమే చూస్తాము.

దీనిని మారుమనస్సు అంటాము. పక్షము మార్చుకోవడము వేరు. ఇటునుండి అటు దూకినవానిని చూచి చప్పట్లు కొట్టవచ్చు గాని, అతడు గాయపరచిన మనిషి ఏమయ్యాడో అడగని కథ పిల్లలకు చవుక క్షమాపణను నేర్పుతుంది. తాగి భార్యను కొట్టినవాడు మరునాడు "మారిపోయాను, ఇంక ఆ మాట ఎత్తవద్దు" అంటే, పెద్దలు కూడ ఆమెనే సర్దుకోమని పంపడము మన గ్రామాలలో ఎన్నిసార్లు చూడలేదు? ఆ కథా, ఈ కథా ఒకటే.

మనమేమి చేయగలము?

ఫోను లాక్కోవడము తేలిక. అది ఎంతకాలము పనిచేస్తుందో తల్లిదండ్రులకు నేను చెప్పనక్కరలేదు. వీలైనప్పుడు వారితో కూర్చొని ఒక భాగము చూడండి. తిట్టకుండా, మధ్యలో ఉపన్యాసము చేయకుండా చూడండి. తరువాత అన్నము తినేటప్పుడు మూడు సంగతులు అడగండి.

ఒకటి, ఈ మనిషి మారడానికి కారణమేమిటి? అది మనకు చూపించారా, లేక చెప్పి ఊరుకొన్నారా?

రెండు, ఇతని వలన నష్టపోయినవారు కథలో ఇంకా ఉన్నారా, లేక వారిని మరచిపోయారా?

మూడు, ఈ ఇద్దరూ ప్రేమించుకొంటున్నారని మనకెలా తెలిసింది? ఒకరి కొరకు ఒకరు ఏమి వదులుకొన్నారు?

పిల్లలు చెప్పే జవాబులు విని మీరే ఆశ్చర్యపోతారు. మనకంటె వారికే బాగా తెలుస్తుంది ఎక్కడ అతుకు వేశారో. ఈ ప్రశ్నలు అడగడము అలవాటైన అమ్మాయి, రేపు తన వెంటపడి "నీ కోసం మారిపోయాను" అనే అబ్బాయిని కూడ అవే అడుగుతుంది. అలా అడిగిన అబ్బాయి తన మాటను తానే తూచుకొంటాడు.

మన ఇండ్లలో జరిగే కథకు రచయితలు పదిమంది లేరు, మరుసటి సీజన్‌కు పాత సంగతులు మరచిపోయే వీలూ లేదు. ఈ నెలలో ఒక సాయంత్రము ఇంటిల్లిపాది కలిసి ఇలా మాట్లాడుకోండి. ప్రభువు మీ ఇండ్లను, మీ బిడ్డలను కాపాడును గాక.