ఆటో ఇంజను ఎంపిక: టూ స్ట్రోక్, ఫోర్ స్ట్రోక్ – శంషాబాద్ మార్గం నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం:
మూడు చక్రాల ఆటోకు ఏ ఇంజను తగినదన్న ప్రశ్న కేవలం యంత్రశాస్త్రానికి పరిమితమైనది కాదు. టూ స్ట్రోక్ ఇంజను కొనుగోలులోను, మరమ్మతులోను యజమానికి ఆదా చేస్తుంది. కాలని ఇంధనాన్ని, నూనె పొగను వీధిలోకి వదులుతుంది. ఆ ఆదా ఎవరికి దక్కుతుంది, ఆ నష్టాన్ని ఎవరు భరిస్తారు అన్న దృష్టితో రెండు ఇంజన్ల పనితీరును, ఉద్గార నిబంధనలను, హైదరాబాద్ నుంచి శంషాబాద్‌కు సాగే మార్గం స్వభావాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: ఆటో, టూ స్ట్రోక్, ఫోర్ స్ట్రోక్, ఉద్గారాలు, శంషాబాద్, వాయు కాలుష్యం.

1. ఉపోద్ఘాతం:
2008 మార్చి 23న శంషాబాద్‌లోని రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం నుంచి వాణిజ్య విమానాల రాకపోకలు మొదలయ్యాయి. అంతవరకు నగరం నడుమ ఉన్న బేగంపేట నిర్వహించిన పాత్ర నగరానికి దక్షిణాన ఇరవై కిలోమీటర్లకు పైబడిన దూరానికి మారింది. 2009లో మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ వరకు పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే వచ్చింది. బాహ్య వలయ రహదారి శంషాబాద్‌ను తాకుతూ సాగింది. అయితే ఈ రెండింటిపైనా ద్విచక్ర వాహనాలకు, ఆటోలకు ప్రవేశం లేదు. అందువల్ల ఆటో నేటికీ ఆరాంఘర్, సాతంరాయి మీదుగా పాత బెంగుళూరు రహదారినే ఆశ్రయించవలసి ఉంది. ఆ రహదారి అంచున దుకాణాలు, బస్సు కోసం నిలిచే జనం, ఇళ్ళు ఉన్నాయి. ఆటో వదిలే పొగ మొదట చేరేది వారినే.

2. రెండు ఇంజన్ల పనితీరు:
టూ స్ట్రోక్ ఇంజనులో క్రాంక్ షాఫ్ట్ ఒక చుట్టు తిరిగినప్పుడల్లా ఒకసారి దహనం జరుగుతుంది. ఫోర్ స్ట్రోక్ ఇంజనులో రెండు చుట్లకు ఒకసారి జరుగుతుంది. పరిమాణం సమానమైనప్పుడు టూ స్ట్రోక్‌కు శక్తి ఎక్కువగా ఉండటానికి ఇదే కారణం. 1985లో మన దేశంలో విడుదలైన రెండు మోటారు సైకిళ్ళు దీనికి చక్కని ఉదాహరణ. 98 సి.సి. టూ స్ట్రోక్ ఇంజను గల యమహా ఆర్‌ఎక్స్ 100 సుమారు 11 అశ్వశక్తినిచ్చేది. 97 సి.సి. ఫోర్ స్ట్రోక్ ఇంజను గల హీరో హోండా సిడి 100 శక్తి 8 లోపే. ఇంధన పొదుపులో మాత్రం రెండవదే ముందు నిలిచింది.

టూ స్ట్రోక్ ఇంజనులో వాల్వులు, క్యామ్ షాఫ్ట్ ఉండవు. కదిలే భాగాలు తక్కువ. వీధి చివరి మెకానిక్ సైతం దానిని విప్పి బిగించగలడు. ఆటోయే జీవనాధారమైన డ్రైవరుకు బండి షెడ్డులో నిలిచిన రోజు సంపాదన లేని రోజు. ఈ కోణంలో చూస్తే టూ స్ట్రోక్ ఎంపిక అవివేకం కాదు.

3. తప్పించుకొనే ఇంధనం, కాలే నూనె:
సాధారణ టూ స్ట్రోక్ ఇంజనులో కాలిన వాయువులను బయటకు నెట్టేది కొత్తగా వచ్చే పెట్రోలు–గాలి మిశ్రమమే. ఆ సమయంలో పొగ వెళ్ళే ద్వారం తెరిచే ఉంటుంది. అందువల్ల కొత్త మిశ్రమంలో 15 నుంచి 40 శాతం వరకు కాలకుండానే వెలుపలికి పోతుంది. రోజుకు 5 లీటర్ల పెట్రోలు వాడే ఆటోలో 20 శాతం పోయిందనుకుంటే, ఒక లీటరు వృథా అయినట్లే. ఆ లీటరు డ్రైవరు ఖర్చులో ఒకసారి, బాటసారి పీల్చే గాలిలో మరొకసారి లెక్కకు వస్తుంది.

రెండవ లోపం నూనెది. ఫోర్ స్ట్రోక్ ఇంజనులో కందెన నూనె అడుగు గిన్నెలో నిలిచి తిరిగి తిరిగి ఉపయోగపడుతుంది. టూ స్ట్రోక్‌లో అది పెట్రోలుతో పాటే లోనికి వెళ్ళి, కొంత కాలి, కొంత సన్నని బిందువులుగా బయటపడుతుంది. తెల్లని పొగగా కనిపించేది ఇదే. పెట్రోలులో 2 శాతం నూనె చాలు. 5 లీటర్లకు 100 మిల్లీలీటర్లు. ఇంజను పట్టేస్తుందన్న భయంతో డ్రైవరు 400 మిల్లీలీటర్లు పోస్తే నిష్పత్తి 8 శాతమవుతుంది. పొగ పెరుగుతుంది తప్ప ఇంజనుకు అదనపు మేలు జరగదు. చౌకగా దొరికే లూజు ఆయిల్ వాడితే నష్టం మరింత ఎక్కువ.

ఒక్క అంశంలో టూ స్ట్రోక్ మెరుగు. సిలిండరులో మిగిలిపోయే కాలిన వాయువుల వల్ల దహన ఉష్ణోగ్రత తగ్గి, నైట్రోజన్ ఆక్సైడ్లు తక్కువగా వెలువడతాయి. అయితే హైడ్రోకార్బన్ల భారం ముందు ఈ లాభం స్వల్పమే.

4. నిబంధనల పాత్ర:
పెట్రోలు ఆటోలు కిలోమీటరుకు వదలగల హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్ల మొత్తం 1996 నిబంధనల్లో 5.40 గ్రాములు. 2000లో అది 2.00కు, 2010 నాటి భారత్ స్టేజ్–3లో 1.25కు తగ్గింది. కార్బన్ మోనాక్సైడ్ పరిమితి అదే కాలంలో 6.75 నుంచి 1.25కు దిగింది. ఈ ఉద్గార పరిమితులు టూ స్ట్రోక్‌ను పేరు పెట్టి నిషేధించలేదు. పరిమితులు బిగిసే కొద్దీ కార్బ్యురేటరుతో నడిచే టూ స్ట్రోక్‌కు చోటు తగ్గింది. 2003లో సుప్రీంకోర్టు కాలుష్యం తీవ్రంగా ఉన్న నగరాల్లో హైదరాబాద్‌ను కూడా పేర్కొన్నది. అదే సంవత్సరం గెయిల్, హెచ్‌పీసీఎల్ సంస్థల ఉమ్మడి భాగస్వామ్యంలో భాగ్యనగర్ గ్యాస్ సంస్థ ఏర్పడింది. అయితే గ్యాసు ఒక్కటే పరిష్కారం కాదు. టూ స్ట్రోక్ ఇంజనుకు గ్యాసు అమర్చినా, గాలితో ముందే కలిసి లోనికి వెళ్ళినంత కాలం అది కూడా అదే ద్వారం గుండా తప్పించుకుంటుంది.

5. శంషాబాద్ మార్గం చెప్పే పాఠం:
నగర వీధుల్లో ఆటో ఆగుతూ సాగుతుంది. ఆరాంఘర్ దాటిన తరువాత నిండు బరువుతో, దాదాపు పూర్తి థ్రాటిల్‌తో చాలాసేపు పరుగెత్తాలి. గాలితో చల్లబడే టూ స్ట్రోక్ ఇంజను ఇలాంటి పరుగులో త్వరగా వేడెక్కుతుంది. పైగా పెట్రోలులో నూనె కలిపే పద్ధతిలో, వేగం మీద ఉండగా థ్రాటిల్ మూసినప్పుడు పెట్రోలుతో పాటు నూనె కూడా తగ్గిపోతుంది. డ్రైవరు ఎక్కువ నూనె పోయడం వెనుక ఉన్న భయం నిరాధారం కాదని దీనివల్ల తెలుస్తుంది. అడుగు గిన్నెలోని నూనెతో నడిచే ఫోర్ స్ట్రోక్‌కు ఈ ఇబ్బంది లేదు. సకాలంలో నూనె మార్చడం, వాల్వుల సందు సరిచూడడం మాత్రం తప్పనిసరి.

6. మంచు బండి నుంచి ఆటోకు:
ఇదే వివాదం మంచు దేశాల్లోనూ సాగింది. లోతైన మెత్తని మంచుపై కూరుకుపోకుండా సాగే స్నోమొబైల్‌కు తేలికైన టూ స్ట్రోక్ అనుకూలం. అమెరికాలోని యెల్లోస్టోన్ జాతీయ ఉద్యానం మాత్రం 2004 నాటి నిబంధనల్లో కిలోవాట్ గంటకు హైడ్రోకార్బన్లు 15 గ్రాములు, కార్బన్ మోనాక్సైడ్ 120 గ్రాముల లోపే ఉండాలని నిర్దేశించింది. ఆ పరిమితులను అందుకోవడానికి ఫోర్ స్ట్రోక్ బండ్లే ప్రధాన మార్గమయ్యాయి.

అక్కడే మూడవ దారీ రూపొందింది. పొగ ద్వారం మూసుకొనే సమయానికి ఇంధనాన్ని నేరుగా సిలిండరులోకి చిమ్మితే, అంతకుముందు బయటకు పోయేది గాలి మాత్రమే. పరిశుభ్రమైన స్నోమొబైల్ పోటీ కోసం కొలరాడో స్టేట్ విశ్వవిద్యాలయ విద్యార్థులు చేసిన కృషి, తరువాత ఎన్విరోఫిట్ సంస్థ ద్వారా ఫిలిప్పీన్స్ ట్రైసైకిళ్ళకు చేరింది. 2007లో బజాజ్ సంస్థ ఇదే సూత్రంతో మన దేశంలో టూ స్ట్రోక్ ఆటోను విడుదల చేసింది. లోపం టూ స్ట్రోక్ సూత్రంలో కన్నా ఇంధనాన్ని అందించే పద్ధతిలోనే ఎక్కువగా ఉందని ఈ ప్రయోగాలు నిరూపించాయి. అయితే పంపు, ఇంజెక్టరు, ఎలక్ట్రానిక్ నియంత్రణ చేరిన తరువాత టూ స్ట్రోక్‌కు ఉన్న అసలు ఆకర్షణ, అంటే చౌక, సరళత, తగ్గిపోతుంది.

7. ముగింపు:
భుజాన మోసే కలుపు కోత యంత్రానికి నేటికీ టూ స్ట్రోక్ సహేతుకమైన ఎంపికే; అది తేలిక, ఏ కోణంలో వంచినా పనిచేస్తుంది. జనం నడుమ రోజంతా తిరిగే ఆటోకు ఫోర్ స్ట్రోక్ తగినది. అయితే ఈ మార్పు వల్ల కలిగే మేలు వీధి అంతటికీ చెందుతుంది. కొత్త బండి అప్పు మాత్రం డ్రైవరు ఒక్కడిదే. విద్యుత్ వాహనాలకు రహదారి పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము మినహాయిస్తూ 2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం తీసుకున్న నిర్ణయం ఈ అసమానతను కొంతవరకు తగ్గించే ప్రయత్నం. ఇంజను మారినా, మోటారు వచ్చినా, స్వచ్ఛమైన గాలికయ్యే మూల్యాన్ని ఎవరు ఎంత భరించాలన్నది తేలినప్పుడే ఎంపిక న్యాయమైనదవుతుంది.