బోయింగ్ 737 విమానశ్రేణి: నాలుగు తరాల పరిణామం, వారసత్వ పరిమితులు

వ్యాససంగ్రహం: 1967లో తొలిసారి ఎగిరిన బోయింగ్ 737 నాలుగు తరాలుగా మార్పు చెందుతూ నేటికీ ఉత్పత్తిలో ఉంది. మొదట సౌకర్యంగా భావించిన ఒక నిర్మాణ లక్షణం తరువాతి తరాలకు పరిమితిగా మారిన క్రమాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: బోయింగ్ 737, టర్బోఫ్యాన్ ఇంజన్, మాక్స్, ఎమ్‌క్యాస్, విమాన భద్రత.

1. తొలి తరం (737-100, 200)

తక్కువ దూరాల ప్రయాణానికి ఉద్దేశించిన ఈ విమానానికి బోయింగ్ సంస్థ తన 707, 727 విమానాల దేహపు వెడల్పునే తీసుకుంది. అందువల్ల వరుసకు ఆరు సీట్లు అమరాయి. పోటీదారైన డీసీ-9లో అయిదే ఉండేవి. సదుపాయాలు అంతగా లేని చిన్న విమానాశ్రయాలలో సైతం సామాను సులువుగా ఎక్కించడానికి, ప్రయాణికులు విమానంలోనే అమర్చిన మెట్ల మీదుగా దిగడానికి వీలుగా దానిని నేలకు దగ్గరగా నిర్మించారు. నాటి జేటీ8డీ ఇంజన్ ముందరి ఫ్యాన్ వ్యాసం సుమారు ఒక మీటరు మాత్రమే. అది సన్నగా, పొడవుగా ఉండి రెక్క కింద ఇమిడిపోయింది. 1968లో లుఫ్తాన్సా సంస్థ ఈ విమానాలను సర్వీసులో ప్రవేశపెట్టింది. 737-100 రకం 30 మాత్రమే తయారు కాగా, పొడవు పెంచిన 737-200 విశేషాదరణ పొందింది. భారతదేశంలో ఇండియన్ ఎయిర్‌లైన్స్ కూడా ఆ రకాన్ని నడిపింది.

2. రెండవ, మూడవ తరాలు

ఇంజన్ మధ్యభాగం గుండా కాక దాని చుట్టూ ప్రవహించే గాలి పాలు పెరిగేకొద్దీ ఇంధనం ఆదా అవుతుంది, శబ్దం తగ్గుతుంది. అయితే ఇందుకు ఫ్యాన్ వ్యాసం పెరగాలి. 1984లో ఎగిరిన 737-300లోని సీఎఫ్ఎమ్56-3 ఇంజన్ ఫ్యాన్ వ్యాసం 152 సెంటీమీటర్లు. నేలకు తగినంత ఎడం ఉండేందుకు ఇంజన్‌ను రెక్కకు ముందువైపుగా అమర్చి, దాని అడుగున ఉండే ఉపకరణాలను పక్కలకు జరిపి, తొడుగు అడుగుభాగాన్ని చదును చేశారు. 1997లో ఎగిరిన మూడవ తరానికి కొత్త రెక్క, ఎక్కువ ఇంధన సామర్థ్యం సమకూరాయి. ఈ తరానికి చెందిన 737-800 రకమే దాదాపు 5,000 అమ్ముడైంది.

3. నాలుగవ తరం (మాక్స్)

1987లో తొలిసారి ఎగిరిన ఎయిర్‌బస్ ఏ320ని మొదటినుంచీ నేలకు ఎత్తుగా నిర్మించారు. కనుక 2010లో ప్రకటించిన ఏ320 నియోకు 198 సెంటీమీటర్ల ఫ్యాన్ గల ఇంజన్ సైతం ఇమిడింది. దీనికి పోటీగా బోయింగ్ 2011లో మాక్స్‌ను ప్రకటించింది. ముందుచక్రపు కాలును సుమారు 20 సెంటీమీటర్లు పొడిగించి, ఇంజన్‌ను మరింత ముందుకు, పైకి జరిపినా ఫ్యాన్ వ్యాసం 176 సెంటీమీటర్లకే పరిమితమైంది.

ఈ అమరిక వల్ల కొన్ని స్థితులలో విమానపు ముక్కు పైకి లేచే ధోరణి పెరిగింది. దానిని సరిచేయడానికి తోకరెక్కను కదిపి ముక్కును దించే ఎమ్‌క్యాస్ అనే సాఫ్ట్‌వేర్‌ను చేర్చారు. అది ఒకే సెన్సార్‌పై ఆధారపడింది. పైలట్లకిచ్చిన చేతిపుస్తకాలలో దాని వివరణ లేదు. పాత 737 నడిపే పైలట్లకు సిమ్యులేటర్ శిక్షణ అవసరం రాకూడదన్నది ఈ రూపకల్పనలోని ప్రధాన వాణిజ్య లక్ష్యం. 2018 అక్టోబరులో లయన్ ఎయిర్, 2019 మార్చిలో ఇథియోపియన్ ఎయిర్‌లైన్స్ విమానాలు సెన్సార్ తప్పుడు సమాచారం వల్ల కూలిపోయి 346 మంది మరణించారు. ప్రపంచవ్యాప్తంగా మాక్స్ సేవలు నిలిచిపోయాయి. రెండు సెన్సార్లను పోల్చి చూడటం, సిమ్యులేటర్ శిక్షణ వంటి మార్పుల తరువాత 2020 నవంబరులో అమెరికా తిరిగి అనుమతించింది.

4. ముగింపు

* నేలకు తక్కువ ఎత్తు 1960ల అవసరాలకు సరైన పరిష్కారమే. ఇంజన్ల స్వభావం మారడంతో అది అవరోధమైంది.
* రెండవ తరం ఈ సమస్యను ఇంజన్ ఆకృతిని మార్చి పరిష్కరించింది. నాలుగవ తరంలో దాని పర్యవసానాన్ని సాఫ్ట్‌వేర్‌కు అప్పగించారు. మొదటి మార్పు కంటికి కనిపిస్తుంది, రెండవది పైలట్లకు సైతం కనిపించలేదు.
* పాత నమూనాతో సామ్యం శిక్షణ వ్యయాన్ని తగ్గిస్తుంది. ఆ సామ్యాన్ని నిలుపుకోవడం కోసం తేడాను మరుగుపరచినప్పుడు మాత్రం భారమంతా విమానం నడిపేవారిపై, ప్రయాణించేవారిపై పడుతుంది.