జట్టుకు మూలస్తంభం

ఒక్క క్రీడాకారుని భుజస్కంధాలపై జట్టు భవితవ్యాన్నంతా మోపడం ఎంతవరకు సమంజసం? అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఈ ప్రశ్న ఏటా ఉదయిస్తుంది. అక్కడ క్రితం సంవత్సరం అట్టడుగున నిలిచిన జట్టుకే, కళాశాలల నుండి వచ్చే యువకులలో ప్రథముని ఎన్నుకొనే హక్కు లభిస్తుంది. బంతి విసిరి ఆటను నడిపించే క్వార్టర్‌బ్యాక్ కోసమే ఆ హక్కును తరచుగా వినియోగిస్తారు. 1998లో తొలి ఎంపికయిన పేటన్ మానింగ్ మేటి ఆటగాడు కాగా, ద్వితీయుడైన రయాన్ లీఫ్ త్వరలోనే తెరమరుగయ్యాడు. 2000లో 199వ వాడుగా ఎంపికయిన టామ్ బ్రేడీ ఏడు పర్యాయాలు విజేతగా నిలిచాడు.

మన హైదరాబాదు అనుభవమూ గమనింపదగినదే. 2008 ఐ.పి.ఎల్. నియమాల ప్రకారం ‘ఐకాన్’ ఆటగానికి జట్టులోని అత్యధిక వేతనం కంటె 15 శాతం అధికంగా చెల్లించాలి. ఆటగాళ్ల కొనుగోలుకు ధనం మిగలాలని వి.వి.ఎస్. లక్ష్మణ్ ఆ హోదాను వదులుకొన్నారు. డెక్కన్ ఛార్జర్స్ సైమండ్స్‌ను 13.5 లక్షల డాలర్లకు, గిల్‌క్రిస్ట్‌ను 7 లక్షలకు కొన్నది. అయినా ఆ ఏడు దక్కినది చివరి స్థానమే! మరుసటి ఏడు, 2009లో, గిల్‌క్రిస్ట్ నాయకత్వాన విజయకిరీటం ధరించినదీ ఆ జట్టే.

కనుక వెల యోగ్యతకు కొలబద్ద కాదు. ఒక్క ఏటి ఫలితం ఎంపికకు తుదితీర్పూ కాదు. స్తంభం ఎంత దృఢమైనా, తక్కిన గోడలు లేనిదే ఇల్లు నిలువదు. ఇబ్రహీంపట్నం మైదానాలలో జట్లు కూర్చుకొనే మన విద్యార్థులు గ్రహింపవలసిన సత్యమిదే.