గచ్చు కింది గొట్టం

స్నానాలగది బాగుచేయించాలనుకునే వాళ్ళంతా ముందు పలకల దుకాణానికి పరుగెడతారు. రంగులు, నగిషీలు, అద్దం కింద బేసిను, అన్నీ చూసి ముచ్చటపడతారు. వాడిన నీళ్ళు పోయే గొట్టం మాట ఎవరికీ గుర్తు రాదు. కంటికి కనబడేది కాదు గదా! మా ఇంట్లో మాత్రం ఆ కనబడని గొట్టమే రెండు కాపురాల మధ్య మాటలు లేకుండా చేసింది.

రాజమండ్రిలో మా మామగారు 1968లో కట్టించిన మేడ మాది. పైన మేము, కింద మా మరిదీ తోడికోడలూ. కిందటేడు వాళ్ళ వంటింటి కప్పున అరచేతి మందాన చెమ్మ మచ్చ తేలింది. సంక్రాంతి నాటికి చేటంత అయింది. "అక్కయ్యావాళ్ళు నీళ్ళు కాస్త చూసి పోసుకుంటే బాగుండును" అని తోడికోడలు ఎవరితోనో అన్నదట. అది నా చెవిన పడనే పడింది. ఆపైన మా సంభాషణ "వంటయిందా?" "అయింది" దగ్గరే ఆగిపోయింది.

చివరికి గచ్చు తవ్వించాం. లోపల పోత ఇనుప గొట్టం. పైకి రాయిలా ఉంది. ప్లంబరు సుత్తితో తట్టి చూశాడు. మీదివైపు గంటలా ఖంగుమంది, అడుగువైపు బీటవారిన కుండలా మోగింది. నీరు పారేది అడుగునే కనుక తినేసేదీ అక్కడే. లోపల తుప్పు పొరలు పొరలుగా పేరుకుని దారి సగానికి సగం మూసుకుపోయింది. అతుకుల్లో జనపనార కూరి, సీసం కరిగించి పోసిన ఆనాటి పనితనం మాత్రం చెక్కుచెదరలేదు. యాభై ఏళ్ళు దాటి మోసిన గొట్టాన్ని తిట్టబుద్ధి కాలేదు నాకు.

"ప్లాస్టిక్కా? పిల్లల బొమ్మలు చేసే సరుకుతోనా!" అన్నారు అత్తగారు. ఆవిడ అనుమానం పూర్తిగా కొట్టిపారేసేది కాదు. ఇందులోనూ రకాలున్నాయి. ఐ.ఎస్. 13592 అని ముద్ర ఉండే పి.వి.సి. గొట్టాల్లో 'ఏ' రకం వాననీటికీ గాలి గొట్టాలకూ, 'బి' రకం మురుగుకూ. 110 మిల్లీమీటర్ల గొట్టానికి మొదటిదాని గోడ మందం 2.2 మిల్లీమీటర్లు, రెండోదానిది 3.2. దుకాణంవాడు పంపింది 'ఏ' రకం! ప్లంబరు గొట్టం మీది ముద్ర చదివి, అదే బండిలో తిప్పి పంపాడు. ఆ క్షణాన అతనిమీద నాకు గురి కుదిరింది.

పాడైన ముక్క ఒక్కటే మార్చి, మిగతా ఇనుము ఉంచేద్దామన్నారు మావారు. ఖర్చు తగ్గేమాట నిజమే. కాని రెండు లోహాలు కూడా కాని ఆ ఇనుము, ప్లాస్టిక్కుల పొత్తు దగ్గర రేపు కారితే మళ్ళీ పలకలు పగలాలి. పెరట్లోని చాంబరు దాకా అంతా మార్చించాలని నేను పట్టుబట్టాను. అందుకు కింది వంటింటి వెనకగోడ కొంత చెక్కాలి. ఆ మాట అడగడానికి మెట్లు దిగింది నేనే. తోడికోడలు ఒక్క క్షణం ఆలోచించి, స్టవ్ మీద గిన్నెలు తీసేసింది.

నలభై అంగుళాలకు అంగుళం చొప్పున వాటం పెట్టారు. ప్లాస్టిక్కు ఎండకు సాగుతుంది. మూడు మీటర్ల గొట్టం ముప్ఫై డిగ్రీల తేడాకు అయిదు మిల్లీమీటర్లు పెరుగుతుంది. అందుకే బయటి గోడమీద రబ్బరు రింగు అతుకుల్లో కాస్త సందు వదిలారు.

పలకలు వేయకముందే ఒక పరీక్ష జరిగింది. మీ ఇంట్లోనూ దీన్ని వదలకండి. గొట్టం చివర బిరడా బిగించి, నిండా నీళ్ళు పోసి, మట్టం దగ్గర గుర్తు పెట్టి రాత్రంతా ఉంచారు. తెల్లవారి కాఫీ అయినా తాగకుండా తోడికోడలు పైకి వచ్చింది. ఇద్దరం వంగి చూశాం. గుర్తు దగ్గరే ఉంది నీరు.

లోపం లేదని కాదు. ఇనుములా ఇది చప్పుడు మింగదు. మేమెప్పుడు స్నానం చేసేదీ ఇప్పుడు కింద అందరికీ తెలుస్తోంది. మరిగే గంజి ఇందులో వంచకూడదు.

కప్పుమీది మచ్చకు వెంటనే సున్నం వేయవద్దనీ, శ్లాబు బాగా ఆరాలనీ మేస్త్రీ చెప్పాడు. ఆ రంగేదో ఎంచడానికి దుకాణానికి తనతో రమ్మంది తోడికోడలు.