గ్యాస్ గీజర్ ఉందా? తలుపు మూయొద్దు!

చలికాలం పొద్దున్నే ట్యాప్ తిప్పితే ముందుగా వచ్చేవి చన్నీళ్లే. గొట్టంలో నిలిచిన నీరు పోయాకే వేడినీళ్లు వస్తాయి. ఈలోపు చలేస్తోందని బాత్రూమ్ తలుపు, కిటికీ మూసేస్తుంటాం. లోపలున్నది గ్యాస్ గీజర్ అయితే ఈ అలవాటు ప్రాణాల మీదికి తెస్తుంది.

గ్యాస్ మండటానికి ఆక్సిజన్ కావాలి. మూసిన చిన్న గదిలో అది తగ్గేకొద్దీ మంట సరిగా మండక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దీనికి రంగూ వాసనా ఉండవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. దీంతో మెదడుకు, గుండెకు ప్రాణవాయువు అందదు. తలనొప్పి, వికారం, కళ్లు తిరగటం మొదలవుతాయి. ఆపై గడియ తీసే ఓపిక కూడా లేకుండానే స్పృహ తప్పొచ్చు.

ఏం చేయాలి?

* గీజర్‌ను బాత్రూమ్ బయట, గాలి ఆడే చోట బిగించుకోండి. పొగగొట్టం ఆరుబయటికి ఉండాలి.

* అది కుదిరేలోపు తలుపు, కిటికీ తీసే ఉంచి బకెట్ నింపుకోండి. గీజర్ కట్టేసి, కాసేపు గాలి ఆడాకే స్నానానికి వెళ్లండి.

* ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉందిలే అనే ధీమా వద్దు.

* ఏటా సర్వీసింగ్ చేయించండి. మంట నీలంగా కాకుండా పసుపుగా కనిపిస్తే వాడటం ఆపేయండి.

* లోపలున్నవారు పిలిచినా పలకకపోతే తలుపు తెరిచి, వెంటనే ఆరుబయటికి తీసుకురండి. గ్యాస్ కట్టేసి 108కి ఫోన్ చేయండి. పల్స్ ఆక్సీమీటర్‌లో అంకె మామూలుగానే కనిపించొచ్చు, దాన్ని నమ్మి ఆగొద్దు. డాక్టర్‌కు గ్యాస్ గీజర్ సంగతి తప్పక చెప్పండి.