జపాన్ రైలు పాస్: కొనాలా, వద్దా?

జపాన్ ట్రిప్ అనగానే రీల్స్‌లో వినిపించే మొదటి సలహా ‘జేఆర్ పాస్ తీసుకోండి, బోలెడు మిగులుతుంది’ అని. ఒకప్పుడు అది నిజమే. ఏడు రోజుల పాస్ 29,650 యెన్లే ఉండేది. 2023 అక్టోబరులో దాన్ని ఏకంగా 50,000 చేసేశారు. మన లెక్కలో పాతిక వేల రూపాయల పైమాటే. నలుగురు కలిసి వెళ్తే లక్ష దాటిపోతుంది!

మరి విడిగా టికెట్లు కొంటే? టోక్యో నుంచి క్యోటోకి బుల్లెట్ రైల్లో రిజర్వేషన్ లేని సీటు సుమారు 13,300 యెన్లు. రానుపోను 26,600. హిరోషిమా దాకా వెళ్లొచ్చినా 37 వేల లోపే. ఎక్కడో దూరాన ఉన్న ఫుకువోకా వెళ్లి తిరిగొచ్చినా 45 వేలు దాటదు. పైగా అన్నిటికంటే వేగంగా వెళ్లే నొజొమి రైలెక్కాలంటే పాస్ ఉన్నా అదనంగా కట్టాలి. టోక్యో-క్యోటోకి ఒకవైపే 4,960 యెన్లు.

అలాగని పాస్‌లన్నీ దండగేం కాదు. ఒసాకాలో దిగి హిరోషిమా చూసొచ్చే ప్లాన్ అయితే ‘కన్సాయ్-హిరోషిమా’ ఐదు రోజుల పాస్ చూడండి. 2023 పెంపు తర్వాత దాని ధర 17,000 యెన్లు. అదే ఒసాకా-హిరోషిమా రానుపోను టికెట్లకే సుమారు 20 వేలవుతుంది. కన్సాయ్ ఎయిర్‌పోర్ట్ రైలు, మియాజిమా ఫెర్రీ కూడా ఆ పాస్‌లోనే వచ్చేస్తాయి.

కాబట్టి ముందు ఊళ్లు ఖాయం చేసుకోండి. ఒక్కో ప్రయాణం ఛార్జీ కూడండి. ఆ మొత్తం పాస్ ధరను దాటితేనే పాస్ కొనండి. ధరలు మారుతుంటాయి, బుక్ చేసే రోజు ఇంకోసారి చూసుకోండి.